మగ్గం మీద వేసిన నింద

ఒక అబద్ధాన్ని పదేళ్లకు పైగా మోస్తున్నాను. వార్తలు రాసి బతికినవాణ్ని. ఎవరేమన్నారో తేడా లేకుండా రాయడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ని, ఒకసారి ఒక మనిషి చెప్పిన మాటను మార్చి చెప్పాను. విన్నది నా చెల్లెలు. ఆమె పేరు ఇక్కడ రాయను. మీరు ఆమెకు ఏమీ కారు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో గుంత మగ్గం. గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, కింది చెక్కలు తొక్కుతూ నేయాలి. నాన్న పోయాక అమ్మ, చెల్లెలు నేసేవారు. చెల్లెలి చెయ్యి అమ్మ చెయ్యి కంటే మేలు. ఇరవై దాటాక ఆమెకు కుడి తుంటిలో నొప్పి మొదలైంది. నడకలో కొంచెం కుంటు. అప్పటికే ఆదోనిలో పత్రికలో పనిచేస్తున్న నేను ఆమెను బెంగళూరు తీసుకెళ్లాను.

డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి నాతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. తుంటి గిన్నె పుట్టుకతోనే లోతు తక్కువట. తొడ ఎముక తల అందులో సరిగ్గా ఇమడడం లేదట. గిన్నె చుట్టూ ఎముకను కోసి, ఆ తలను కప్పేలా తిప్పి, మరలతో బిగిస్తారట. కొన్ని నెలలు కర్రలతో నడవాలి. కీలు ఇంకా అరగలేదు, ఇదే సమయం, ఆలస్యమైతే ఈ ఆపరేషన్ పనికిరాదు అన్నాడు. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుందని కూడా అన్నాడు. ఆమెకు అన్నీ వివరంగా చెప్పమన్నాడు.

'కుటుంబం' అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అప్పుడు నా పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పిల్లవాళ్లు మా కులంవాళ్లే, ఆదోనిలో బట్టల వ్యాపారం. మగ్గం వల్ల వచ్చిన నొప్పయితే కష్టపడే ఇంటి నొప్పి అంటారు. పుట్టుకతో వచ్చిందంటే మా రక్తంలోనే ఏదో ఉందంటారు. అంత స్పష్టంగా ఆలోచించానా? లేదేమో. కానీ వరండాలో ఆమె కూర్చున్న బెంచీ చేరేలోపే నా నోట్లో మాట తయారై ఉంది.

"ఏమన్నాడన్నా?"

"మగ్గం మానుకుంటే సరిపోతాదంట. మాత్రలు రాసినాడు."

"అంతసేపు మాట్లాడి ఇంతేనా సెప్పింది? మీ పేపరోళ్ల మాదిరే ఉన్నాడే" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె మగ్గం మానేసింది. ఎవరో నేసిన చీరలకు ఫాల్స్ కుట్టడం మొదలుపెట్టింది. నా పెళ్లయింది. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను, తర్వాత బిడ్డ పుట్టాక అనుకున్నాను. నొప్పి తగ్గిందని ఆమె అన్నప్పుడల్లా నా అబద్ధమే నిజమవుతుందేమోనని ఆశపడ్డాను. నా కూతురు పుట్టిన కొన్నాళ్లకే ఏదో సాకు చెప్పి బెంగళూరు తీసుకెళ్లి తుంటి పరీక్ష చేయించాను. బాగుందన్నారు. అంటే ఆ డాక్టరు మాట నేను మరిచిపోలేదు. నా బిడ్డ కోసమైతే గుర్తుంది.

ఈ ఏడాది ఆమెకు నాలుగడుగులు వేయడం కష్టమైంది. ఆదోనిలో ఎముకల డాక్టరుకు చూపించాను. కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్చడం తప్ప దారి లేదు, ఇంత ఆలస్యం ఎందుకు చేశారు అన్నాడాయన. ఆమె తల దించుకుంది. ఎందువల్ల వచ్చిందని అడగలేదు. తనకు తెలుసుననుకుంది.

ఎమ్మిగనూరు బస్సు ఎక్కించి ఆమె సీటు పక్కన నిలబడ్డాను. బస్సు ఇంకా బయల్దేరలేదు.

"నీకొకటి సెప్పల్లన్నా. కోప్పడొద్దు" అంది. "నువ్వు మానుకోమన్యాక గూడా మగ్గంలో కూచున్యా. అమ్మ ఉరుకుంద గుడికి పోయినప్పుడల్లా. సేతులు ఊరికే ఉండలేకపోయినాయి. దానికే ఇట్లయింది. నువ్వు మంచికే సెప్పింటివి, నేనే ఇనలేదు."

అప్పుడు చెప్పవలసింది. బస్సులో జనం ఉన్నారు, నిజమే. దింపి పక్కకు తీసుకెళ్లి చెప్పవచ్చు. నేనేం చేశానో తెలుసా? ఆమె భుజం తట్టి, "పోనీలేమ్మా, అయిందేదో అయింది" అన్నాను. నేను ఆమెను క్షమించాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లుగా దాచుకున్నది చెప్పుకున్నందుకు ఆ మొహం ఎంత తేటపడిందో దగ్గర నిలబడి చూశాను.

ఆనాటి అబద్ధానికి భయం కారణమని చెప్పుకోగలను. ఇప్పుడు ఆమెను క్షమించినందుకు ఏం చెప్పుకోను?

నా చెల్లెలికి తుంటి గిన్నె పుట్టుకతోనే లోతు తక్కువ. ఆపరేషన్ చేయించమని డాక్టరు చెప్పాడు. నేను ఆమెకు చెప్పలేదు. మగ్గం ఆమెనేమీ చేయలేదు. ఈ మాటలు ఇంతవరకూ నేను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు రాశాను. ఆమె ఎదుట అనగలనో లేదో తెలియదు. నాకు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమె నొప్పి అలాగే ఉంది.