ముగ్గు లేని వాకిలి

నిన్న పొద్దున అత్తెసరు పెడదామని బియ్యం డ్రమ్ములో గ్లాసు ముంచితే అడుగున గట్టిగా ఏదో తగిలింది. పురుగు పట్టకుండా నేను వేసే వేపాకు మూటేమోననుకుని లాగితే, గుడ్డలో చుట్టిన మనవరాలి ఫోను బయటికొచ్చింది.

మా వాడి కూతురు హైదరాబాదులో హాస్టల్లో ఉండి బొమ్మలు గీసి బతుకుతుంది. పెళ్ళి శుభలేఖలకి, చీరల కొట్లవాళ్ళు ఇచ్చే సంచుల మీదికి, చీర అంచులకి కూడా గీస్తుంది. గీసిన ప్రతి బొమ్మా ఫోనులో పెడుతుంది, ఊరూ పేరూ తెలియని జనమంతా చూస్తారు, ఎంతమంది బాగుందన్నారో చూసుకుని కొట్లవాళ్ళు పనిస్తారు. మూడో తరగతితో బడి మానేసిన నాకు అర్థమైనంతలో ఇదీ దాని ఉద్యోగం. పోయిన వారం భుజాన సంచితో దిగింది. సెలవా అంటే కాదంది, జ్వరమా అంటే లేదంది, వేళకి తింటుంది, చెప్పిన పని చేస్తుంది, మిగతా పొద్దంతా గోడకేసి చూస్తూ కూచుంటుంది.

నాకు సొమ్ము దండగ చేస్తే ఒళ్ళు మండుతుందని మా ఇంటాబయటా అందరికీ తెలుసు. ఫోను దాని ముందు పెట్టి అడిగాను.

"ఏమే, వేలు పోసి కొన్నది బియ్యంలో పాతిపెడతారా? నెలనెలా రీచార్జీ ఎవడబ్బ సొమ్మనుకున్నావు?"

"వాడకపోయినా కట్టాల్సిందే నాయనమ్మా. కంటి ముందుంటే చూడబుద్దేస్తుంది, అందుకే దాచా."

"చూస్తే ఏం పోయింది?"

"ఏం పోలేదు. వాళ్ళు బాగుందన్నా ఏమీ అనిపించట్లేదు, చెత్తగా ఉందన్నా ఏమీ అనిపించట్లేదు. గీస్తుంటే నా చెయ్యి నాది కాదన్నట్టుంది. కొన్నాళ్ళు ఏదీ పెట్టకుండా ఉందామని."

ఏడుస్తూ చెబితే ఓదార్చేదాన్నేమో, ఎదురు తిరిగి చెబితే ఇంకో నాలుగు వడ్డించేదాన్నేమో గానీ, అది పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ గొంతు నాకు కొత్త కాదు. ఒకప్పుడు నాకూ అదే గొంతు ఉండేది.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో మా బజారులో ముగ్గంటే మా వాకిలే. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు, నా తోటివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే చెబుతారు. తెల్లవారి కళ్ళాపి చల్లి, తడి ఆరకముందే చుక్కలు పెట్టి మెలికలు తిప్పుతుంటే, పొలానికి పోయే ఆడవాళ్ళు తలమీద సద్దిగిన్నెతోనే ఆగి చూసేవాళ్ళు, బడిపిల్లలు పలకల మీద ఎక్కించుకునేవాళ్ళు, ఇవాళ నేను వేసిన ముగ్గు రేపటికి పై బజారులో ఇంకెవరి వాకిట్లోనో కనిపించేది. చూసి లోలోపల పొంగిపోయేదాన్ని గానీ పైకి మాత్రం మెలిక ఎక్కడ తప్పిందో చూసేదాన్ని. ఆ గుణం నాకు మా అత్తగారి దగ్గర అబ్బింది. ఆవిడ రోజూ చెంబు పట్టుకుని గడపలో నిలబడి నా ముగ్గు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసేది, ఒక్కనాడూ బాగుందనలేదు, చుక్క పక్కకి పోయిందనో, పిండి ఇంత మందాన పోశావేం, మీ పుట్టింటి నుంచి బస్తా వచ్చిందా అనో ఒక పుల్లవిరుపు మాట అని లోపలికి పోయేది. ఆ మాటకి నాకు రోజంతా కుతకుత ఉడికేది. ఆ ఉడుకుతోనే రాత్రి పడుకునే ముందు మర్నాటి ముగ్గు మనసులో వేసుకునేదాన్ని.

మిరపనారు పోసే రోజుల్లో ఆవిడ పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరికీ శ్రమ ఇవ్వలేదు. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు వాకిట్లో ముగ్గు వెయ్యకపోవడం మా ఇంటి పద్ధతి. ఉత్త నీళ్ళు చల్లి ఊరుకుంటాం. ఆ బోసి వాకిలి చూస్తే బజారుకంతా సంగతి తెలిసేది. పండక్కి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, పేరంటానికి బొట్టు పెట్టడానికి వచ్చేవాళ్ళు కాదు, ఎలా ఉన్నావు, ఎందుకలా ఉన్నావు అని ప్రాణం తోడేసేవాళ్ళు కాదు. పక్కింటావిడ కూరాకు కోసుకుంటే గుప్పెడు మా అరుగు మీద పెట్టి పోయేది, అంతే.

ఏడాది తిరిగింది, సంవత్సరీకం పెట్టాం. మర్నాడు మా తోడికోడలు ముగ్గుబుట్ట తెచ్చి చేతికిచ్చింది. కూచున్నాను. పిండి వేళ్ళ మధ్యకి తీసుకున్నాను. ఏ ముగ్గు వెయ్యాలో తోచలేదు. దుఃఖమా అంటే అదీ కాదు, నాకప్పుడు కన్నీళ్ళు కూడా రాలేదు, గడపలో ఎవరూ లేరు కదా, ఎలా వేస్తే ఏంలే అనిపించింది. ఒక గీత గీసి లేచిపోయాను. ఆ తరవాత ముగ్గు పని తోడికోడలిదే అయింది. అమ్మలక్కలు కొన్నాళ్ళు అడిగి మానేశారు. నేను వండాను, పిల్లలకి పెట్టాను, పత్తి తీతకి పోయాను. బండకి వాతలు పెట్టినట్టు, ఏదీ లోపలికి దిగేది కాదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో మిరపకాయ ఎండడానికి కల్లంలో పోశాం. కాయ సమంగా ఎండాలంటే కాళ్ళు ఈడుస్తూ నడిచి తిరగెయ్యాలని మన వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మనుషులంతా చెట్టు కిందకి చేరారు, నేను ఒక్కదాన్నే పాదాలతో కాయలో చాళ్ళు తీసుకుంటూ పోతున్నాను. కొసకి పోయి వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఎర్రటి కాయలో నా అడుగుల చాలు తిన్నగా లేదు. వంపు తిరిగి, మెలికపడి, మొదటికొచ్చి కలిసింది. చుక్కలు లేవు గానీ అది ముగ్గే. నేను వెయ్యాలనుకుని వేసింది కాదు. ఎవరూ చూడలేదు కూడా. సాయంత్రం మంచుకి తడవకుండా కాయంతా కుప్పచేసి పట్టా కప్పేశాం, ముగ్గూ ఆ కుప్పలోనే కలిసిపోయింది. నాకు సంతోషమేమీ కలగలేదు. కానీ ఆ రాత్రి అరికాళ్ళు మంట పుట్టి నిద్రపట్టకపోతే, చాలాకాలానికి ఒంటికి ఏదో తెలిసినట్టనిపించింది. వాకిట్లో మళ్ళీ ముగ్గు పెట్టడానికి ఆ తరవాత ఇంకా చాలా రోజులు పట్టింది.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. చెబితే నీతిపాఠం అవుతుంది, దానికి ఇప్పుడు పాఠాలు ఎక్కవు.

మధ్యాహ్నం ఇద్దరం వసారాలో కూచుని మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే నా బటన్ల ఫోను మోగింది. చీరాలలో చీరల కొట్టాయన. ఎప్పుడో అవసరానికి ఇది నా నంబరిచ్చిందట. కొత్త చీరల అంచులకి బొమ్మలు కావాలి, ఈ వారంలోగా గీసి ఫోనులో పెట్టకపోతే పని వేరే అమ్మాయికి ఇస్తాను, మళ్ళీ నన్నడగొద్దు అని గట్టిగానే చెప్పాడు. మనవరాలు అంతా వింటూనే ఉంది. ముఖంలో ఏ మార్పూ లేదు గానీ, తీసిన తొడిమే మళ్ళీ మళ్ళీ తుంచుతోంది. దాని బతుకుతెరువు ఆ కొట్టు మీదే సగం నడుస్తుందని నాకు తెలుసు. చెయ్యి రాకుండా గీయిస్తే గియ్యాలన్న మనసు మిగిలిన ఆ కాస్తా పోతుందనీ తెలుసు. ఒళ్ళు బాలేదందామంటే, ఏం జబ్బు, ఎప్పుడు తగ్గుతుంది అంటాడు. మనసు బాలేదంటే నవ్వుతాడు.

"మా ఇంట్లో మైల నాయనా," అన్నాను. "అయ్యాక మేమే చెబుతాం."

అవతల ఆయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "అయ్యయ్యో, తెలీక అడిగానమ్మా. పని ఎక్కడికీ పోదులెండి, అయ్యాకే చెయ్యమనండి," అని పెట్టేశాడు. ఎవరు పోయారని కూడా అడగలేదు, మర్యాదస్తుడు.

మనవరాలు నోరు తెరుచుకుని చూసింది. "ఎవరు పోయారు నాయనమ్మా?"

"ఎవరూ పోలేదు. నోరు మూసుకుని కాయ తియ్యి."

"అబద్ధమాడితే కళ్ళు పోతాయని నన్ను కొట్టేదానివిగా!"

"నావి ఎలాగూ మసకలే. మిరప చెయ్యి నీ కంట్లో పెట్టుకోకు."

అది నవ్వలేదు. కానీ తుంచిన తొడిమ అవతల పారేసి, ఇంకో కాయ అందుకుంది.

శుభమా అని పిల్ల ఇంట్లో ఉండగా నోట మైల మాట పలికినందుకు సాయంత్రం దీపం దగ్గర లెంపలేసుకున్నాను. తరవాత వాకిట్లోకొచ్చి కూచుంటే బజారంతా కొత్తగా కనిపించింది. ఇప్పుడు అందరివీ సిమెంటు వాకిళ్ళు, అందరివీ రంగు డబ్బాతో వేయించిన ముగ్గులు. మాదీ అంతే, పిండి ఖర్చు, నడుం నొప్పి రెండూ తగ్గుతాయని నేనే వేయించాను. ఎదురింటాయన పోయినప్పుడు కూడా వాళ్ళ వాకిట్లో పద్మాలు పచ్చగా, ఎర్రగా అలాగే ఉన్నాయి, తెలియనివాళ్ళు వచ్చి పెళ్ళిపిలుపు పిలవబోయారు. మనవరాలి ఫోనూ అలాంటి వాకిలే కాబోలు. చెరపడానికి లేదు, బోసిగా ఉంచడానికి లేదు, లోపల మనిషి ఎలా ఉన్నా బయట ముగ్గు మాత్రం ఉండాలి. నలుగురూ చూసి, అడగకుండా తప్పుకుపోయే ఆ ఉత్త నీళ్ళ తడి ఇప్పుడెక్కడా కనబడదు.

ఇవాళ పొద్దున బియ్యానికి డ్రమ్ము మూత తీశాను. గుడ్డలో చుట్టిన ఫోను మళ్ళీ అందులోనే ఉంది. గ్లాసు దానికి తగలకుండా ఓ పక్కగా ముంచి, బియ్యం తీసుకుని మూత పెట్టాను.