తొంభై సెకన్ల చదువు

ఆయనకు మాట రాక కాదు, వచ్చేది. కాకపోతే రెండు రోజులు ఆలస్యంగా వచ్చేది. ఆదివారం భోజనాల దగ్గర బావమరిది ఒక చురక అంటిస్తాడు, అందరూ నవ్వుతారు, వాళ్లతో పాటు ఈయనా నవ్వుతాడు. దానికి దిమ్మ తిరిగే జవాబు మంగళవారం ఉదయం పళ్లు తోముకుంటుంటే తడుతుంది. తట్టినదాన్ని వృథా పోనివ్వడం ఆయన స్వభావం కాదు కాబట్టి, నోట్లో నురగతోనే ఫోను చేస్తాడు.

ఒకసారి ఆ బావమరిది, "బావా, అందరికీ ఎక్స్‌రేలు తీయిస్తావు కదా, ఓసారి నీ బుర్రకి తీయించుకో, లోపల ఏముందో చూద్దాం" అన్నాడు. మంగళవారం ఈయన ఫోను చేసి, "నీ బుర్రకి తీస్తే ఫిల్ము దండగ" అన్నాడు. బావమరిది నీళ్లు శుద్ధి చేసే మిషన్లు అమ్ముతాడు. ఆ వేళ ఎవరి వంటింట్లోనో సింకు కింద దూరి ఉన్నాడు. "ఎవరి బుర్ర బావా?" అని అడిగాడు. మొదటినుంచీ చెప్పుకొస్తే గానీ అతనికి సంగతి బోధపడలేదు, బోధపడ్డాక నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఈయన పేరు ఎల్లుండి బావ అయిపోయింది. వరస కలిసినా కలవకపోయినా మనమూ బావ అనే అందాం.

భార్య మాత్రం ఎప్పుడో సర్దుకుపోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత ఉంది కదా, దాంతో చూస్తే రెండు రోజులు నయమే అనేది. ఇంట్లో ఏదైనా తేల్చుకోవలసిన విషయం ఉంటే శుక్రవారమే అడిగి పెట్టేది. ఆదివారానికి జవాబు తయారుగా ఉండేది.

బావ ఆసుపత్రిలో ఎక్స్‌రే గదికి సహాయకుడు. చేరి ఇరవై రెండేళ్లయింది. వెనకటికి చీకటిగదిలో ఫిల్ములు కడిగేవాడు. ఫిల్ములు పోయి కంప్యూటరు వచ్చాక, దాని ముందు కూర్చుని మీట నొక్కడానికి ఆ చదువు చదివిన అమ్మాయి ఒకతె వచ్చింది. బావకు మిగిలిన పని ఏమిటంటే, వచ్చినవాళ్ల మెడలో గొలుసులూ జేబుల్లో చిల్లరా తీయించడం, ఛాతీ పలకకు ఆనేలా నిలబెట్టడం, భుజాలు సర్దడం, సీసపు అద్దం వెనక్కి వచ్చి మూడు ముక్కలు చెప్పడం. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. వదలండి. రోజంతా మూడే మాటలు మాట్లాడితే జీతమిచ్చే ఉద్యోగం బావ కోసమే కనిపెట్టి ఉంటారని బావమరిది అనేవాడు. దీనికి జవాబు బావకు ఇంతవరకూ తట్టలేదు.

అలాంటి గదికి కొత్త మిషను వస్తోందని కబురొచ్చింది. దాని పలక మనిషి ఎత్తును బట్టి దానంతటదే జరుగుతుందట. ఆ మూడు మాటలూ కూడా అదే చెబుతుందట. వెంటనే సూపరింటెండెంటు గారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. మూడు వారాల్లో సమావేశం. ఒక్కొక్కరూ లేచి, తమ గదిలో తాము ఎందుకు అవసరమో రెండు నిమిషాల్లో చెప్పాలి. చెప్పలేనివాళ్లను అడుగు అంతస్తులో పాత రికార్డుల గదికి మారుస్తారు.

బావ ఆ గది ఎరుగును. మిణుకు మిణుకుమనే ట్యూబులైటు, ఇనప బీరువాలు, ఎప్పుడో వచ్చిపోయిన రోగుల ఫైళ్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా తలుపు తోసుకుని లోపలికి వచ్చే మనిషి ఉండడు. జీతం తగ్గకపోయినా ఆయనకు నిజంగా భయం వేసింది. మనుషులు రాని చోట తను ఏం చేస్తాడు? రెండు రోజులు గడువిస్తే సూపరింటెండెంటు కంట తడి పెట్టించే మాట తేగలడు. ఇచ్చింది రెండు నిమిషాలు.

ఇంట్లో ఈ గోడు చెవిన వేసుకున్నది అత్తగారు. డెబ్బై రెండేళ్ల మనిషి. మోకాలి చిప్ప మార్పించుకుని కూతురింట్లో ముందుగదిలో మంచం మీద ఉంటోంది. ఆవిడ ఫోనులో ఒక ఆట ఉంది. తొమ్మిది అక్షరాలు గుండ్రంగా కనిపిస్తాయి, తొంభై సెకన్లు గడియారం తిరుగుతుంది, ఈలోగా ఆ అక్షరాలతో ఎన్ని మాటలైనా కూర్చవచ్చు, మాటలో అక్షరానికో మార్కు. అవతల ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో అవే అక్షరాలతో పోటీ పడుతుంటారు. 'మోకాలు' అనే పేరుతో ఆడే ఆవిడకు దేశదేశాల్లో శత్రువులున్నారు.

"టైముకి మాట అందడం పుట్టుకతో రాదు బాబూ, సాధన మీద వస్తుంది. ఇలా వచ్చి కూర్చోండి" అంది అత్తగారు.

మొదటి ఆటలో ప, ల, క, డ, గో, లు, ము, వ, ర వచ్చాయి. బావ వాటిని, గదిలోకి వచ్చిన రోగిని చూసినట్టు, నింపాదిగా పైనుంచి కిందికి చూశాడు. డెబ్బై సెకన్లకు కళ్లు మెరిశాయి. తలుపు గంట నొక్కినట్టు చూపుడు వేలితో ఒక్కో అక్షరమే నొక్కి, 'కలవరము' అని కూర్చాడు. గంట మోగింది. ఐదు మార్కులు. అత్తగారు అవే అక్షరాలతో కల, వల, గోడ అంటూ మొదలుపెట్టి పదిహేడు మాటలు కూర్చింది. అయితే 'కలవరము' ఆవిడకు తట్టలేదు. ఆ సంగతి బావ నాలుగు రోజులు చెప్పుకున్నాడు.

చదువు మొదలైంది. పెద్ద మాట కోసం వలేసుకుని కూర్చోకూడదని, చేతికందిన చిన్నవి ముందు ఏరుకుంటే పెద్దది ఉంటే దారిలో అదే తగులుతుందని ఆవిడ మొదటి పాఠం. 'లు' కనిపించిందంటే పంట పండినట్టే, గోడ కూర్చాక గోడలు, పడవ కూర్చాక పడవలు, ఒక్క మడిలో రెండు కోతలు. తప్పు పడితే దాన్ని చూస్తూ విచారించకూడదు. తప్పుకి మార్కు పోదు, విచారానికి మాత్రం నాలుగు సెకన్లు పోతాయి. చూపు ఒకేచోట అతుక్కుపోతే అక్షరాలు కలిపే మీట నొక్కాలి, అవే అక్షరాలు చోటు మారేసరికి కొత్తగా కనిపిస్తాయి. ఒక వేలు మానేసి రెండు బొటనవేళ్లూ వాడాలి. గడియారం వైపు చూడకూడదు. చివరి పది సెకన్లలో కొత్తవాటికి పరిగెత్తకుండా పాతవాటికి తోకలు తగిలించుకోవాలి. ఓడిన వెంటనే మళ్లీ ఆడకూడదు, లేచి మంచినీళ్లు తాగి రావాలి. ఈ ఆఖరి సూత్రం వల్ల మొదటి వారమంతా బావ కూజాలకు కూజాలు ఖాళీ చేశాడు.

నేర్చుకోవాలని కూర్చున్నాక బావ మొండివాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దుకాణాల బోర్డుల్లోంచి మాటలు ఏరేవాడు. రోగుల పేర్లు పిలుస్తూ మధ్యలో ఆగిపోయి, ఆ పేరులో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టేవాడు. కంప్యూటరు దగ్గర అమ్మాయి కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. ఐదు మార్కులు పన్నెండయ్యాయి, పన్నెండు ముప్పై అయ్యాయి. రెండో వారం చివర ఒక సాయంత్రం అత్తగారి మీదే మూడు మార్కులతో గెలిచాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, పొద్దున్నించీ ఇది మసకగానే ఉందని చెప్పి, తను కూడా మంచినీళ్లు అడిగింది.

ఆ ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు. విస్తరి ముందు కూర్చోగానే, "మిషనుకి కూడా మాటలొచ్చేశాయట కదా బావా, మరి నీకెప్పుడొస్తాయి?" అన్నాడు.

"నువ్వు ఆపినప్పుడు" అన్నాడు బావ.

అప్పటికప్పుడు అన్నాడు. గరిటె పట్టుకున్న భార్య చెయ్యి గాల్లోనే ఆగింది. ముందుగదిలోంచి అత్తగారు చప్పట్లు కొట్టింది, దెబ్బ తిన్నది తన కొడుకేనని గుర్తొచ్చి ఆపేసింది. బావమరిది తలొంచుకుని తిని, పనుందని చెప్పి, ఎండలోనే వెళ్లిపోయాడు. బుధవారం దాకా ఫోను లేదు. వాడికి అలవాటు లేదండీ, మీరలా ఠక్కున అనేస్తే ఎలా తట్టుకుంటాడు అని భార్య నొచ్చుకుంది. బావకు మాత్రం కాళ్లు నేల మీద ఆనలేదు.

సమావేశం రోజు రానే వచ్చింది. సూపరింటెండెంటు గారు భారీ మనిషి, తొందర మనిషి. ఫోనులో రెండు నిమిషాలు పెట్టి బల్ల మీద ఉంచారు. మందులగది ఆయన నమస్కారాలకే నిమిషం ఖర్చుపెట్టాడు. వంటశాల ఆవిడ తన పెద్దకూతురి పురిటి దగ్గర మొదలుపెట్టి వంటశాలకు చేరేలోపే గంట మోగింది. బావ లేచాడు. గడియారం వైపు చూడలేదు. చిన్న మాటలు ముందు ఏరుకున్నాడు.

"గొలుసులు తీయిస్తాను. చిల్లర తీయిస్తాను. సరిగ్గా నిలబెడతాను. భుజాలు సర్దుతాను. పిల్లల్ని ఎత్తుకుంటాను. పెద్దవాళ్లని పట్టుకుంటాను. ఎప్పుడు ఊపిరి పీల్చాలో చెబుతాను. గది తుడిపిస్తాను."

నలభై సెకన్లకే కూర్చున్నాడు. సూపరింటెండెంటు గారు ముచ్చటపడిపోయారు. ఇంత స్పష్టమైన గొంతు మన ఆసుపత్రిలో ఉందని తెలియనే తెలియదన్నారు. కొత్త మిషనులో కంపెనీవాళ్లు పెట్టిన గొంతు ఇప్పటికే కొన్నచోట్ల ఎవరికీ అర్థం కావడం లేదట, దాన్ని తీసేసి ఈయన గొంతే రికార్డు చేయిద్దాం, ఆ తర్వాత ఈయన్ని నిశ్చింతగా కింద గదికి పంపేయవచ్చు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు.

ఏం జరిగిందో అర్థమయ్యేసరికి బస్సు నాలుగు స్టాపులు దాటింది. ఇంట్లో చెబితే అత్తగారు ఫోను బోర్లించి పక్కన పెట్టింది. మాట త్వరగా రావడం నేర్పాను గానీ ఏ మాట రావాలో నాకేం తెలుసు బాబూ అని బాధపడింది. బావకు ఆవిడ మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది. ఇరవై రెండేళ్ల పని గురించి అడిగితే సామాన్ల చీటీ చదివి వచ్చాడు. అసలు సంగతి ఏదో చెప్పకుండా వదిలేశాడని తెలుస్తూనే ఉంది, అదేమిటో మాత్రం తట్టడం లేదు. ఎల్లుండి అయింది, తట్టలేదు. ఆ పై రోజూ అయింది, తట్టలేదు.

సోమవారం కంపెనీ మనిషి మైకు పట్టుకుని ఎక్స్‌రే గదికి వచ్చాడు. కొత్త మిషను అప్పటికే బిగించేశారు. ఆలోచన తనదే కాబట్టి సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. గోడ వైపు తిరిగి బావ 'ఊపిరి పీల్చండి' అన్నాడు. బాగా వచ్చింది. 'బిగపట్టండి' ఇంకా బాగా వచ్చింది. మూడోది చెప్పమని కంపెనీ మనిషి చెయ్యి ఊపాడు. బావ చెప్పలేదు. గోడను చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో ఐదు సెకన్లు తాము పెట్టుకుంటామని, ఊరికే మాట చెప్పేస్తే చాలని కంపెనీ మనిషి నచ్చజెప్పాడు.

"ఎదురుగా మనిషి లేడు కదండీ" అన్నాడు బావ. "ఎప్పుడు వదలమనాలో నాకెలా తెలుస్తుంది?"

సూపరింటెండెంటు గారికి విసుగొచ్చింది. మనిషే కదా కావాలి అని, తనే వెళ్లి పలక ముందు నిలబడ్డారు. బావ అద్దం వెనక్కి వెళ్లి మొదటి రెండు మాటలూ చెప్పాడు. కంపెనీ మనిషి వేళ్లు లెక్కపెడుతున్నాడు. రెండో వేలు లేచిందో లేదో బావ 'వదలండి' అనేశాడు. మూడు సెకన్లు ముందే అన్నారు, మళ్లీ చెప్పండి అన్నాడు కంపెనీ మనిషి. మళ్లీ చెప్పినా రెండో వేలి దగ్గరే వచ్చింది. ఇలా కాదని కంపెనీ మనిషి మిషనులో ఉన్న పాత గొంతునే పెట్టాడు. అది బిగపట్టమంది. మూడో వేలు లేచేసరికి సూపరింటెండెంటు గారికి దగ్గు తన్నుకొచ్చింది, దగ్గుతూ వంగిపోయారు. ఆయన అలా దగ్గుతుండగానే అది తాపీగా ఐదు సెకన్లూ పూర్తి చేసి వదలమంది.

ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు మొహం తుడుచుకున్నారు. రెండు దాటితే ఆగలేనని నీకెలా తెలుసు అని అడిగారు.

"భుజాలు చూస్తే తెలుస్తుంది సార్. కొందరు ఆరు దాకా ఉంటారు, కొందరు రెండే. ఏడ్చే పిల్లలకి ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఒక్కటి దొరుకుతుంది. ఎవరికి వాళ్లని చూసి చెప్పాలి సార్." కొంచెం ఆగి, "మీరు ఇంత త్వరగా ఆయాసపడకూడదు. ఒకసారి తీయించుకుంటే మంచిది" అన్నాడు.

"ఈ మాట మీటింగులో ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఇప్పుడే తెలిసింది సార్."

సూపరింటెండెంటు గారు ఆ గొంతు పెట్టె కట్టేసి తీసుకుపొమ్మని కంపెనీ మనిషికి చెప్పారు. కింద గదికి ఇంకెవరినైనా చూసుకుంటానన్నారు. తర్వాత మెడలో గొలుసు తీసి బావ చేతికిచ్చి, తెల్లకోటు విప్పి, ఈసారి నిజంగానే తియ్యమని పలక ముందు నిలబడ్డారు. భుజాలు సర్దబోతే అవి సన్నగా వణుకుతున్నాయి. అంత మనిషీ భయపడుతున్నాడని తెలిసి బావకు జాలేసింది. ఏం కాదు సార్ అని వీపు మీద చెయ్యి వేసి, అద్దం వెనక్కి వచ్చాడు.

ఊపిరి పీల్చమన్నాడు. బిగపట్టమన్నాడు. అమ్మాయి మీట నొక్కింది. ఆ భుజాలు ఇక ఆగలేవన్న క్షణాన, "వదలండి" అన్నాడు బావ. చిత్రం ఎక్కడా చెదరలేదు.