పళ్ళపిన్నికి దొరికిన ఆరువేల ఏళ్ళ చుట్టం

మా పక్కవాటా పళ్ళపిన్ని పళ్ళ డాక్టరేమీ కాదు. పాత ఎముకల ల్యాబులో పని. ఎప్పుడో పోయిన మనుషుల పళ్ళు తుడిచి, చిన్న డ్రిల్లుతో పొడి చేసి, గొట్టాల్లో వేసి ఇస్తుంది. ఆ పొడిలో తల్లి నుంచి బిడ్డకి దిగే గుర్తులుంటాయట. వాటిని పట్టుకుని, ఎవరు ఎటునుంచి ఎటు నడిచి వచ్చారో పెద్ద మేడం చెబుతుంది. పంతొమ్మిదేళ్ళలో పిన్ని చేసిన పొడి పోగేస్తే కొండవుతుంది. నేను తగ్గించే చెబుతున్నాను.

డ్రిల్లు తిరుగుతుంటే ఆవిడ కళ్ళముందు మంచు, నది, బిడ్డల్ని చంకనేసుకుని నడిచే ఆడవాళ్ళు కదులుతారట. పొద్దున బట్టలారేస్తూ కూడా ఆ నడకలోనే ఉంటుంది. పిలిస్తే రెండువేల ఏళ్ళ అవతలి నుంచి పలుకుతుంది.

ఒకరోజు, ఆరువేల ఏళ్ళనాటి పిల్ల పంటిపొడిలో అచ్చం పిన్ని గుర్తులే వచ్చాయి. పనిచేసేవాళ్ళ ఉమ్మి తుంపర పడినా వాళ్ళ గుర్తులు పొడిలో కలిసిపోతాయట; అందుకే పనివాళ్ళ గుర్తులన్నీ ల్యాబువాళ్ళు ముందే రాసిపెట్టుకుంటారు, ఇలాంటి తిరకాసు పట్టుకోవడానికే. పిన్ని మాత్రం గాల్లో తేలిపోయింది. నా అనేవాళ్ళు లేని మనిషికి ఒక్కసారిగా ఆరువేల ఏళ్ళ పుట్టిల్లు దొరికింది మరి. వీధి చివరిదాకా ఆ కబురు మోసింది నేనే.

మేడం పిలిచి, పని మధ్యలో మాస్కు తీశావా అని అడిగిందట. లేదని చెబితే చుట్టరికం నిలిచేట్టుంది, కానీ ఆ పిల్ల నడిచిన దారి తప్పుగా రాసేస్తారు. అవునంటే చుట్టరికంతో పాటు ఉద్యోగమూ ఊడొచ్చు. పిన్ని చెప్పేసిందట:

“తీశాను మేడం. గొట్టం అంచుకి పొడి అంటుకుంటే, ఉఫ్‌మని ఊదేశాను.”

“పంతొమ్మిదేళ్ళు పనిచేశాక ఊదావా పిన్నీ?” అందట మేడం.

“పంటివేరు ఇంకా మిగిలుంది కదా. వేరేవాళ్ళ చేత పొడి చేయించండి. దాని దారి దానికి దొరకనివ్వండి.”

మేడం డ్రిల్లు మళ్ళీ పిన్ని ముందుకే తోసిందట. తర్వాత అంది: “నువ్వే చెయ్యి. నేను పక్కనే నిలబడతా. ఈసారి ఊదావంటే నీ పళ్ళు పొడి చేయిస్తా.”

పదిరోజులకి అసలు గుర్తులు తేలాయి. పిన్నివి కావు. ఎక్కడో సముద్రం ఒడ్డున దొరికిన ఎముకలతో కలిశాయి.

ఆ సాయంత్రం మెట్లమీద నా పక్కన కూర్చుంది. చుట్టం చెయ్యిచ్చిందా పిన్నీ అని గిల్లాను.

“మా పిల్ల కాదులే,” అంది నెమ్మదిగా. “సముద్రం దగ్గర్నుంచి వచ్చిందట. అంత దూరం... కాళ్ళకి ఏం కట్టుకుందో ఏమో.”

అంటూ తన పాదాలే ఒత్తుకుంటూ కూర్చుంది.