చువ్వ కూర్చునే చోటు

నాకు ఆపరేషనంటే భయం. ఆపరేషన్ నాకు కాదు, మా ఆడపడుచుకి. అయినా భయమంతా నా మీద వదిలేసి, తను మాత్రం రైలు కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో కాగితం పరుచుకుని తీరిగ్గా పల్లీలు ఒలుచుకు తింటోంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. తను పడాల్సిన భయాలన్నీ నేనే పడుతుంటాను.

"వదినా, నీ మొహం చూస్తే కోత నీకే అనుకుంటారు. రెండు గింజలు నోట్లో వేసుకో," అంది.

"నాకేం వద్దు. మత్తిచ్చాక నీకు మెలకువ రాకపోతే మీ అన్నకి ఏం చెప్పాలా అని చూస్తున్నా."

"నిద్రపోతోందని చెప్పు."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? నేను కొంగు బిగించుకుని మళ్ళీ భయపడటం మొదలుపెట్టాను.

దాన్ని అందరూ చువ్వ అంటారు. చిన్నప్పుడెవరో పెట్టిన పేరు, ఇద్దరు పిల్లల తల్లయినా వదల్లేదు. పైన చువ్వ, నడుం కింద బస్తా అని తన మీద తనే వేళాకోళమాడుకుంటుంది. పిల్లలిద్దరికీ ఏళ్ళ తరబడి పాలిచ్చింది. చిన్నవాడు పాలు మానేసరికి ఛాతీ మీద ఇక ఏమీ మిగల్లేదు. పాత మెత్తటి గుడ్డ మడతలు పెట్టి లోపల సర్దుకునేది. మా ఇంటి వెనక గదుల్లోనే వాళ్ళ కాపురం కాబట్టి, తీగ మీద ఆరేసిన ఆ గుడ్డలు నేను రోజూ చూసేదాన్ని, చూడనట్టు ఊరుకునేదాన్ని.

మేమిద్దరం పొగాకు షెడ్డులో పని చేస్తాం. వేడి గదుల్లో ఆరబెట్టి తెచ్చిన ఆకుని రంగును బట్టి, మచ్చను బట్టి వేరు చేసి కట్టలు కట్టడం మా పని. ఎండిన ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది, అందుకని ముందు నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. ఆ తడి ఆకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కటే తీసి, ఒళ్ళో పరుచుకుని, వేళ్ళతో సవరించి చూస్తాం. చేతులకి గోధుమరంగు జిడ్డొకటి పడుతుంది. సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు. తొడుగులు వేసుకోవచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. తొడుగు వేసుకుంటే ఆకు పలచనో మందమో వేలికి ఎలా తెలుస్తుంది?

వేలికి తెలియడంలో మా చువ్వని మించినవాళ్ళు లేరు. షెడ్డులో పెద్ద కిటికీ కింద, వెలుతురు నేరుగా పడే చోటు దానిది. మంచి సరుకంతా ముందు ఆ చోటుకే వస్తుంది, కూలీ కూడా మాకంటే మెరుగు. ఆ చోటు కోసం అది ఏళ్ళ తరబడి మూల చీకట్లో కూర్చుంది. రెండు రోజులు ఖాళీగా కనిపిస్తే చాలు, మేస్త్రి ఇంకొకరిని తెచ్చి కూర్చోబెడతాడు.

ఆ మేస్త్రి సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు చువ్వ వంగి కట్ట ఎత్తుతుంటే లోపలి గుడ్డ మడత జారి ఆకు కుప్పలో పడింది. తను చూసుకోలేదు. వాడు చూశాడు. రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇది ఏ గ్రేడమ్మా?" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. నేను లేచి వాణ్ణి ఏడు తరాల దాకా దులిపేశాను. ఆ రోజు నుంచి వాడితో నాకు మాటల్లేవు. కట్టలు కావాలన్నా పక్కమనిషి చేత చెప్పిస్తాను. చువ్వ మాత్రం అందరితోపాటు నవ్వి, వాడి చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని, చేతులు తుడుచుకునే గుడ్డే అన్నట్టు చేతులు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళే దారిలో ఏడ్చింది. అది ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తరువాతే ఈ ఆపరేషన్ గురించి వాకబు చేసింది. బయటి వస్తువేదీ పెట్టరట, నడుం కింది మన కొవ్వే తీసి ఛాతీలో పెడతారట.

"ఇక్కడి మట్టి తవ్వి అక్కడ పోస్తారు వదినా. నా బస్తా దించినట్టూ ఉంటుంది," అంది నడుం తట్టి చూపిస్తూ.

వాళ్ళాయన లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. నీ ఇష్టం అన్నాడు. తోడు లేకపోతే ఆపరేషన్ చెయ్యం అని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. తోడంటే ఇంకెవరు, నేనే.

ముందు ఫోన్లోనే డాక్టరమ్మ కనిపించి మాట్లాడింది. వెనకనుంచి నేనూ విన్నాను. ఒంటినొప్పుల మాత్రలు వేసుకోకూడదు, రక్తం పలచబడుతుంది. ఒళ్ళు పెరగకూడదు, తగ్గకూడదు. ముందు గుండీలున్న జాకెట్లే తెచ్చుకోవాలి, ఎందుకంటే తరువాత చేతులు పైకెత్తడం కుదరదు. వెల్లకిలా పడుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. చివర్లో, "పొగ తాగుతారా? ఇంట్లో ఎవరైనా తాగుతారా?" అని అడిగింది. తను తాగదు, వాళ్ళన్న తాగుతాడు. పొగాకులో ఉండే నికోటిన్ రక్తనాళాల్ని కుదించేస్తుందట. కొత్తచోట పెట్టిన కొవ్వుకి రక్తం అందకపోతే అది చచ్చిపోయి లోపలే గడ్డ కడుతుందట. ఆ రాత్రి నుంచి కళ్ళు మూస్తే గడ్డలే.

అంతే, మా ఆయన్ని సిగరెట్టుతో సహా వీధిలోకి నెట్టాను. వాన పడుతున్నా చూరు కింద నిలబడి తాగాడు. చొక్కా మార్చుకోనిదే గడప తొక్కనివ్వలేదు.

"ఆపరేషన్ దానికి, శిక్ష నాకా?" అని రుసరుసలాడేవాడు.

"నీ చెల్లెలి ప్రాణం మీదికొస్తుంది. బయటికి నడు," అనేదాన్ని. ఆయన చొక్కాలన్నీ విడిగా ఈ చేతులతోనే ఉతికాను.

చువ్వ చోటు పోకుండా మా పెద్దమ్మాయిని కూర్చోబెట్టాం. దానికి ఆరో నెల. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి, ఊరికే కూర్చుంటే తోచడం లేదని గొణుగుతోంది. చిన్నప్పుడు సెలవుల్లో మాతోపాటు ఆకు చూసినదే, పని వచ్చు.

"అత్త వచ్చేదాకా కిటికీ కింద మహారాణిలా కూర్చుంటాను," అంది.

వారం పదిరోజులే కదా, కూర్చుని చేసే పనే కదా అనుకున్నాం. బయలుదేరే ముందురోజు సాయంత్రం దాకా చువ్వ కూడా దాని పక్కన కూర్చుని మెళకువలు చెబుతూ ఆకు చూసింది.

రైలు దిగి, ఆసుపత్రి వెనక వీధిలో గది తీసుకున్నాం. రెండు మంచాలు, ఒక స్టవ్వు, గోడకి తుడిచినా పోని తడిమరక. ఎదురు గదిలో ఆపరేషనయిన ఆవిడెవరో నడుం వంచి అంగుళం అంగుళం నడుస్తోంది. ఆమెని చూడకుండా తలుపు వేసేశాను. చువ్వ సంచీలోంచి బిగుతు పట్టీ తీసింది. ఆపరేషన్ అయ్యాక నడుముకీ తొడలకీ వారాల తరబడి అది వేసుకునే ఉండాలట. ఒకసారి వేసి చూస్తానని లాగి లాగి ఎక్కించుకుని కొక్కేలు పెట్టుకుంది. పెట్టుకున్నాక ఊపిరాడక మొహం ఎర్రబడింది. నేను కొక్కేలు ఊడదీస్తుంటే అది నవ్వలేక నవ్వుతోంది.

"వెనక్కి వెళ్ళిపోదామే. ఎవరేమన్నా అననీ. నువ్వు ఎలా ఉన్నా మాకు బంగారానివే," అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

చువ్వ మంచం మీద కూర్చుంది. నవ్వు ఆగిపోయింది.

"మీకు బంగారాన్నే వదినా. అద్దం ముందు నిలబడేది నేను కదా. ఒక్కసారి గుడ్డ పెట్టుకోకుండా బయటికి నడవాలని ఉంది. అంతే. నాకూ భయంగానే ఉంది, నీకు చెబితే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు."

ఆ మాటతో నాకు భయం రెట్టింపయింది. దాని ధైర్యాన్ని చూసుకునే ఇంతదూరం వచ్చాను.

మర్నాడు పొద్దున ఏమీ తినకుండా, నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళింది. మూత్రం పరీక్షకి పంపించి, ఆసుపత్రి గౌను వేశారు. డాక్టరమ్మ దాన్ని నిలబెట్టి, నీలంరంగు పెన్నుతో ఛాతీ మీద గుండ్రాలు, తొడల మీద గీతలు గీసింది. నర్సమ్మ నా దగ్గరికి వచ్చి, "ఏదైనా జరిగితే మీకు కాకుండా ఇంకెవరికి ఫోన్ చెయ్యాలి?" అని అడిగింది.

"ఏదైనా అంటే?" అన్నాను.

"మామూలుగా అందర్నీ అడుగుతామండీ."

అందర్నీ అడుగుతారంటే అందరికీ జరగొచ్చనే కదా. మా ఆయన నంబరు చెబుతుంటే చివరి అంకెలు గుర్తు రాలేదు. ఫోన్ తీసి చూసి చెప్పాను.

ఇంతలో బయటికి వెళ్ళిన డాక్టరమ్మ మళ్ళీ లోపలికి వచ్చింది. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"మీరు నాకు నిజం చెప్పలేదు. పొగాకు అలవాటు లేదన్నారు. ఇప్పుడు చేసిన పరీక్షలో నికోటిన్ గట్టిగా కనబడుతోంది," అంది చువ్వతో.

"నేను ముట్టనండీ! పిల్లల మీద ఒట్టు," అంది చువ్వ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమిటండీ ఆ మాట? తాగే మనిషిని వానలో నిలబెట్టాం మేము. దానికి అబద్ధం చెప్పాల్సిన ఖర్మేంటి?"

సూది గుచ్చడానికి చువ్వ చెయ్యి పట్టుకుని ఉన్న నర్సమ్మ, ఆ అరచెయ్యి వెలుతురులోకి తిప్పింది. "ఈ మరకలేంటమ్మా?"

"అవి పనివండీ. పోవు."

"ఏం పని?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొగాకు షెడ్డులో. ఆకు వేరు చేస్తాం," అంది చువ్వ.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేనే అడగాల్సింది. పని గురించి అడగనే లేదు," అంది. తరువాత నెమ్మదిగా చెప్పింది. తాగక్కర్లేదట. తడి ఆకు రోజంతా పట్టుకుంటే చర్మంలోంచే ఒంట్లోకి వెళ్తుందట. ఇవాళ చెయ్యనంది. నెల పైన ఆకు ముట్టకుండా ఉండి, మళ్ళీ పరీక్ష చేయించుకుని వస్తే అప్పుడు చేస్తానంది.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. కోత లేదు, మత్తు లేదు, సాయంత్రం రైలెక్కి ఇంటికి పోవచ్చు. చువ్వ వైపు చూస్తే అది గౌను మీద చేతులు రెండూ తెరిచి పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటోంది.

"డాక్టరమ్మా, నేను పిల్లలిద్దరికీ పాలిస్తూ కూడా ఆ పనే చేశాను," అంది. "మధ్యాహ్నం షెడ్డులోనే పక్కన పడుకోబెట్టి ఇచ్చేదాన్ని. చిన్నవాడు నిద్రపోయేవాడు కాదు. ఊరికే కక్కేవాడు."

"దానివల్లే అని నేను చెప్పలేను. పాలల్లోకి కొంత వెళ్ళే మాట నిజం," అంది డాక్టరమ్మ.

అప్పుడు నేను అడిగాను.

"మరి కడుపుతో ఉన్నవాళ్ళు చేస్తే?"

"ఎన్నో నెల?" అంది డాక్టరమ్మ. తల ఎత్తి చువ్వని కాదు, నన్ను చూసింది.

"ఆరు."

"ఇవాళే మాన్పించండి. ఈ గంటే."

అమ్మాయికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. షెడ్డులో ఫోన్లు గుమ్మం దగ్గర సంచుల్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆ సంగతి నాకు తెలుసు, అయినా మళ్ళీ మళ్ళీ చేశాను. నీళ్ళు చల్లిన ఆకు ఒళ్ళో పరుచుకుని, కడుపు మీదికి ఆనించుకుని, కిటికీ కింద మహారాణిలా కూర్చుని ఉంటుంది నా బిడ్డ. కూర్చోబెట్టింది మేమే.

ఇక మిగిలింది మేస్త్రి నంబరు. చేశాను.

"మా అమ్మాయిని అక్కణ్ణుంచి లేపు. ఇప్పుడే," అన్నాను.

"అబ్బో, ఇన్నాళ్ళకి నాతో మాట వచ్చిందే," అన్నాడు. "లేపుతా, నాకేం? చోటు మాత్రం రేపు ఇంకొకరికి ఇస్తా. తరువాత వచ్చి మీ ఆడపడుచు నా మీద పడితే కుదరదు."

నేను తడబడ్డాను. అది దాని చోటు, దాని కూలీ. ఆ కూలీ లేకపోతే మళ్ళీ ఇక్కడికి రావడం కల్ల. చువ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. గౌను భుజం మీంచి జారి, ఛాతీ మీద నీలం గుండ్రాలు కనిపిస్తున్నాయి.

"ఇచ్చెయ్యి. ఎవరికైనా ఇచ్చుకో," అంది. "కడుపుతో ఉన్నదాన్నీ, చంటిపిల్ల తల్లినీ మాత్రం కూర్చోబెట్టకు. పిల్లని పిలువు ముందు."

అటువైపు ఏదో గొణుగుడు, అడుగుల చప్పుడు. నేను ఫోన్ తీసుకున్నాను. అమ్మాయి గొంతు రొప్పుతూ వచ్చింది.

"ఏంటమ్మా? అత్తకేమైంది?"

"అత్తకేం కాలేదే. నువ్వు లేచి బయటికి రా. వచ్చి ముందు చేతులు కడుక్కో."

అది హమ్మయ్య అని నవ్వింది.

"సబ్బుకి పోతుందా అమ్మా ఇది?" అంది.