బొటనవేలి నొక్కు

పంజగుట్టలో సూట్లు కుట్టే కమలాకర్ ఎవరితో చెయ్యి కలిపినా బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తాడు. ఎదుటి వేలూ నొక్కితే ఆ మనిషి తనలాగే ఫ్రీమేసన్ అనే రహస్య సంఘం సభ్యుడు, సోదరుడు. కమలాకర్ తన పాత లాడ్జిలో, అంటే ఆ సంఘం శాఖలో, గొడవపడి, కొందరితో కలిసి వేరే లాడ్జి పెట్టుకున్నాడు. అది చెల్లదని శాఖలన్నిటికీ పైనున్న గ్రాండ్ లాడ్జి తేల్చేసింది. నిన్న అమీర్‌పేట మెట్రో కింద పాత లాడ్జి సోదరుడు సురేందర్ చెయ్యి కలిపాడు గానీ, వేలు కదపలేదు.

"ఏమనుకోకు భాయ్. గుర్తింపు లేనోళ్లతోని గా ముచ్చట వద్దన్నరు."

కమలాకర్ ఆ చేతిని రోజంతా ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు. సాయంత్రం, అతని లాడ్జి నుంచి ఈమధ్యే విడిపోయి ఇంకోటి పెట్టుకున్న మొగిలయ్య దుకాణానికొచ్చి, చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా నొక్కాడు.

కమలాకర్ చెయ్యి లాక్కుని, మెడలోని టేపు సర్దుకున్నాడు.

"జర ఆగన్నా. మీ లాడ్జిని ఎవరు ఒప్పుకున్నరు?"