సగం తిరిగి ఆగిన తాళం

మా మేనత్త ఆ తాళాన్ని సగంలో ఎందుకు వదిలేసింది? కొన్నేళ్లుగా నాతో ఉన్న ప్రశ్న ఇది. పోయిన వారం సూళ్ళూరుపేట నుంచి ఆమె కూతురు, మా వదిన, ఫోన్ చేసి, "అమ్మ పోయిందిమే. నిద్రలోనే పోయింది" అన్నప్పుడు కూడా కన్నీళ్ళకంటే ముందు ఈ ప్రశ్నే వచ్చింది. ఇక అడగడానికి ఆమె లేదు. ఉన్నప్పుడు అడిగినా చెప్పగలిగే స్థితిలో లేదనుకోండి.

మామయ్య పోయాక బస్టాండు దగ్గరి తాళాల కొట్టును అత్తే నడిపింది. ఉప్పుగాలికి ఆ ఊళ్ళో తాళాలు తొందరగా తుప్పుపడతాయి కాబట్టి పనికి కరువు లేదు. అణకువ మాత్రం ఆమెకు బొత్తిగా లేదు. "గూడూరు దాకా పో, నెల్లూరు దాకా పో, ఇట్టాంటి చెయ్యి ఇంకోటి చూపించు" అని బేరానికి వచ్చినవాళ్ళ ముఖం మీదే అనేది. ఎవరైనా ఇంటి తాళం తీయమని పిలిస్తే, ముందు ఇరుగుపొరుగును పిలిపించి, ఇల్లు ఆ మనిషిదేనని వాళ్ళ నోట చెప్పించుకునేది. తర్వాత కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన: "ప్రభువా, ఇల్లు ఎవురిదో నువ్వు చూసుకో. నాకు కనపడతా ఉండేది బీగమే."

తాళాన్ని ఆమె బీగం అనేది, తెరిచేదాన్ని చెవి అనేది. అక్కడ అందరూ అంతే. కానీ ఆ మాటతో ఆడుకునేది ఆమె ఒక్కతే. "చెవి పోయిందా? అయితే నీ చెవి పెట్టు."

ఎం.ఏ. అయ్యాక ఉద్యోగం లేని రోజుల్లో, ఇంట్లో ఉండలేక ఆ కొట్టుకు వెళ్ళి కూర్చునేదాన్ని. "చూస్తా కూర్చుంటే కళ్ళనొప్పులుగానీ పని రాదుమే" అంటూ ఒకరోజు గొట్టం తాళమొకటి నా ఒళ్ళో పడేసింది. ఐస్‌క్రీం పెట్టెలకూ, తడ దగ్గరి ఫ్యాక్టరీల్లో యంత్రాల మూతలకూ, సైకిలు గొలుసులకూ ఉంటుందే, గుండ్రటి నోటి తాళం, అది. లోపల వలయంగా చిన్న చిన్న మేకులు, ఒక్కోదాని వెనక ఒక స్ప్రింగు. దాన్ని తీసే పనిముట్టు పెన్ను లావు ఉక్కు గొట్టం. అంచు చుట్టూ సన్నని పుల్లలు, అవి జారకుండా రబ్బరు పట్టీ. నోట్లో ఆనించి, తిప్పీ తిప్పనట్టు పట్టుకుని, పుల్లల్ని ఒక్కొక్కటిగా తోయాలి. ప్రతి మేకుకూ ఒక లోతు. పుల్లలన్నీ ఆ లోతుల్లో నిలిస్తే పనిముట్టే చెవి అయిపోతుంది.

నాకు చెయ్యి కంటే అనుమానం ముందు కదులుతుంది. ఇది పడిందా, పడలేదా అని ఆగిపోయేదాన్ని. "ఏంది ఆ ఆలోచన? బీగం నీతో వాదానికి రాలేదు" అని వెక్కిరించేది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజున సందంతా మిద్దెలెక్కితే, ఆమె మాత్రం నా చేతిలోంచి తాళం లాక్కుని పక్కన పెట్టేది. షట్టర్ల అదురు ఆగేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. "ఈ అదురులో బీగాలు అబద్ధం చెప్తాయి."

ఒక్క తప్పుకు మాత్రం నిజంగా కోప్పడేది. గొట్టం తాళాన్ని తిప్పుతూ తిప్పుతూ మధ్యలో పనిముట్టు లాగేస్తే, మేకులు పక్క గుంటల్లో దిగి బిగుసుకుంటాయి. అప్పుడది తెరుచుకున్నట్టూ కాదు, వేసినట్టూ కాదు. దాని సొంత చెవి కూడా లోపలికి పోదు. "తీస్తే తియ్యి, లేకుంటే మొదటికి తెచ్చి పెట్టు. నడిమధ్యలో వదిలితే సొంతదారుకే పరాయిదై పోతాది గదమే!" తీసినవాళ్ళే తిరిగి వెయ్యాలన్నది ఆమె రెండో నియమం. ప్రతి పాఠమూ 'వెయ్' అన్న మాటతోనే ముగిసేది.

తర్వాత ఆమెకు మతిమరుపు పట్టుకుంది. వదినకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. అత్త ఒకసారి రైలు పట్టాల పక్కన దొరికింది. ఇంకోసారి పులికాట్ సరస్సులో మోకాలిలోతు దిగి నిలబడి ఉంటే చేపలవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. వదిన వరండా గ్రిల్లుకు తాళం వేసింది. కూతురి పేరు మరిచిన మనిషి ఆ తాళాన్ని జడపిన్నుతో తీసేసింది. ఇంకో తాళం వేస్తే అదీ తీసింది. చివరికి వదిన పనిముట్లన్నీ దాచేసి, సైకిలు గొలుసుతో గొట్టం తాళం వేసింది. ఏం చేస్తుంది మరి? నేనున్నా అంతే చేసేదాన్నేమో.

ఒక మధ్యాహ్నం వదిన నుంచి ఫోను. "బీగంలోకి చెవి పోవడంల్యా అమ్మీ. అమ్మ లోపలుండాది. పగలగొడదామంటే సుత్తి చూసి అరస్తా ఉండాది. నువ్వు రా."

నేను నెల్లూరు నుంచి బస్సులో వెళ్ళాను. గ్రిల్లు లోపల అత్త, ఆమె ఒళ్ళో రీఫిల్ లేని బాల్‌పెన్ను గొట్టం, దాని అంచు మీద మేకుల నొక్కులు. తాళం సగం తిరిగి ఉంది.

నేను బయట కూర్చుని అత్త ఎప్పుడో నాకిచ్చిన పనిముట్టు తీశాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

"ఇది మీ ఇల్లేనా?"

"మా అత్త ఇల్లు."

"అయితే ఆమెని అడిగి తియ్."

వదిన ముఖం తిప్పుకుంది. నేను అడిగాను. "తియ్యమంటావా అత్తా?"

ఆమె ముందుకు వంగి, గ్రిల్లుకు చెంప ఆనించి, తాళానికి చెవి పెట్టింది. "వత్తొద్దు. విను" అంది. విన్నాను. పుల్లలు ఒక్కొక్కటే దిగాయి. తాళం తెరుచుకుంది. గొలుసు జారి గచ్చు మీద పడింది.

ఆమె వీధి వైపు చూసింది. చాలాసేపు చూసింది. గడప దాటడానికి అడ్డం ఏమీ లేదు. ఎవరమూ ఆపేలా లేము.

"వెయ్" అంది.

వేశాను.

అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు గ్రిల్లు బార్లా తెరిచి ఉంది, గొలుసు ఊరికే వేలాడుతోంది. నా పనిముట్టు సంచిలోనే ఉంది. పుల్లలు ఇంకా ఆ తాళం లోతుల్లోనే, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా నిలిచి ఉన్నాయి. రబ్బరు పట్టీ కాస్త వదులు చేస్తే అన్నీ సమమైపోతాయి. వేలు దాని మీద పెడతాను, తీసేస్తాను. ఆ రోజు ఆమె చెయ్యి అలిసి ఆగిందో, మనసు మారి ఆగిందో, ఆ 'వెయ్' పాత పాఠమో, నాకు చెప్పిన సమాధానమో, నేను తేల్చుకోలేకపోయాను.