ఎర్రమ్మ ఇంటి అర వాటా

2002 జూన్‌లో నన్ను పలాస నుంచి టెక్కలిలోని ఒక డిగ్రీ కళాశాలకు కామర్స్ రీడరుగా బదిలీ చేశారు. చేరిన వారానికే ప్రిన్సిపాల్ గారు రెండు అదనపు పనులు అప్పగించారు. ఒకటి, బి.కాం.లో కొత్తగా పెట్టిన బీమా పాఠ్యాంశం. రెండోది, ఉపకార వేతనాల విభాగం. మొదటిదానికి ఇద్దరు ముగ్గురు పోటీ పడ్డారు. రెండోదాని జోలికి ఎవరూ రాలేదు. అప్లికేషన్లు మూడు ప్రతులు, ప్రతి జిరాక్సు మీదా గెజిటెడ్ అధికారి సంతకం, ఎమ్మార్వో ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటరు. ఇందులో ఒక్కటి తగ్గినా ఫైలు గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాగితం సరిగా లేకపోతే పిల్లల్ని బాగానే తిట్టేవాణ్ణి. నన్ను వాళ్లు చాటుగా ‘రూల్సు మాస్టారు’ అంటారని తెలుసు. తెలిసీ మురిసిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో మా విశ్వవిద్యాలయం ఏటా ఒకే ఒక్క విద్యార్థికి ఒక పురస్కారం ఇచ్చేది. బీమా సంస్థలో పనిచేసి రిటైరైన ఒక అధికారి డిపాజిట్ చేసిన నిధి అది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, ఫైనాన్సులోనో బీమాలోనో పై చదువుకు వెళ్లదలచిన వాళ్లు అర్హులు. ఎంపికైతే రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు నిధిదే. 2004లో మా కాలేజీ నుంచి నేను పంపిన పేరు నూకరత్నం. నౌపడ అవతల సముద్రపు ఒడ్డున ఒక బెస్తపల్లె అమ్మాయి. క్లాసులో మొదటి మార్కు ఆమెదే. ఈ పురస్కారం రాకపోతే ఆమె చదువు అక్కడితో సరి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పనికి మేనత్త అప్పటికే మాట్లాడి పెట్టింది.

మార్చి మొదటి శనివారం విశ్వవిద్యాలయం నుంచి అభ్యంతర మెమో వచ్చింది. తండ్రి గడిలో విద్యార్థిని ‘ఉన్నారు’ అని రాసింది, కాబట్టి తండ్రి సంతకం, తండ్రి ఆదాయ ధ్రువపత్రం జతచేయాలి. లేని పక్షంలో మరణ ధ్రువపత్రం పంపాలి. గడువు పది రోజులు. ఆ గడువు దాటితే అప్లికేషన్ తిరస్కరిస్తారు.

నూకరత్నాన్ని పిలిపించి అడిగాను. వాళ్ల నాన్న 1999 వానాకాలంలో వేటకు వెళ్లాడు. తెప్ప బోల్తా పడింది. మిగతా వాళ్లు ఈదుకుంటూ ఒడ్డు చేరారు, అతను చేరలేదు. శవం కూడా దొరకలేదు. మరి ‘ఉన్నారు’ అని ఎందుకు రాశావని గద్దించాను. లేరని ఇంట్లో ఎవరూ అనలేదు సార్, అంది తల వంచుకుని. మనిషి జాడ తెలియకుండా ఏడేళ్లు గడిస్తే తప్ప చట్టం చనిపోయినట్టు భావించదు. ఆ పాఠం చెప్పిందే నేను. అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. అంటే చట్టం దారి కూడా మూసుకుపోయింది.

మర్నాడు ఆదివారం. బస్సులో నౌపడ వెళ్లి, అక్కడి నుంచి ఉప్పు మడుల మధ్యగా ఆటోలో ఆ పంచాయతీకి చేరాను. సర్పంచి గారు భూవసతి ఉన్న కుటుంబం వాడు. మంచి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కొబ్బరి బొండం కొట్టించి, సంగతంతా విన్నాడు.

“సముద్రంలో పోయినోడు ఐదేళ్లకి తిరిగొత్తాడేటి? ఊరందరికీ తెలిసిందే కదా. ఇద్దరు సాచ్చులుంటే సాలు. కాయితం సంగతి నాను సూసుకుంటాను మాస్టారూ” అన్నాడు.

అతను చెప్పేది దొంగదారి అని నాకు తెలియక కాదు. ఏడాది దాటిన మరణం నమోదు చేయాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి, దానికి విచారణ జరగాలి. పది రోజుల్లో అయ్యే పని కాదు. కానీ అప్పుడు నా మనసు నాకు సర్దిచెప్పింది. చచ్చినవాడు ఎలాగూ చచ్చాడు, బతికున్న పిల్లకు మేలు జరుగుతుంది కదా అని. రెండేళ్లుగా పిల్లల్ని రూల్సు పేరుతో తిట్టినవాణ్ణి, ఆ పూట వద్దనలేదు.

పల్లెకు నడిచి వెళ్లి నూకరత్నం తల్లి ఎర్రమ్మను కలిశాను. ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నుదుట బొట్టు, చేతులకు గాజులు ఉన్నాయి. చుట్టూ మరో నలుగురు ఆడవాళ్లు పనిలో ఉన్నారు. నేను పురస్కారం సంగతి, మెమో సంగతి, గడువు సంగతి వివరంగా చెప్పాను. ఆమె అంతా వింది.

“ఆ కాయితం ఒద్దు బాబూ” అని ఒక్క మాట అని, మళ్లీ చేపలు తిరగేయడంలో పడిపోయింది.

నేను మరో పావుగంట వాదించాను. నీ మూఢనమ్మకానికి పిల్ల భవిష్యత్తు బలిపెడతావా అని కూడా అన్నాను. ఆమె మాట మార్చలేదు. తిరిగొస్తూ సర్పంచి గారితో, పని కానివ్వండి, ఆమెకు తర్వాత నచ్చజెబుదాం అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బుధవారం మధ్యాహ్నం నూకరత్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది. సర్పంచి పంపిన మనిషి సాక్షి సంతకాలకు నేరుగా వాళ్ల నాన్నతో వేటాడిన వాళ్ల దగ్గరికే వెళ్లాడట. సోమవారం నుంచి ఇంటికి వాటా రావడం లేదు.

వాటా ఏమిటో ఆమె చెబితే గాని నాకు అర్థం కాలేదు. వేట నుంచి రాగానే ఒడ్డునే చేపల్ని వాటాలు వేస్తారు. మనిషికొకటి, తెప్పకూ వలకూ కలిపి ఒకటి. సముద్రంలో జాడ తప్పిన మనిషి ఇంటికి అర వాటా వెళుతూనే ఉంటుంది. ఆ ఇల్లు తనంతట తాను అతను లేడని ఒప్పుకుని దినాలు చేసిన రోజున వాటా ఆగి, ఆ చోటు మరొకరికి పోతుంది. ఎర్రమ్మ, నూకరత్నం తర్వాతి ఇద్దరు పిల్లలు బతుకుతున్నది ఆ అర వాటా మీదే. ఇప్పుడు పల్లెలో మాట పుట్టింది, ఎర్రమ్మ ఒడ్డున మొగుడు ఉన్నాడని వాటా తీసుకుంటూ, టెక్కలి కాలేజీకి మాత్రం పోయాడని కాగితం పుట్టిస్తోందని. రెండు చేతులా తింటోందని.

ఈ సంగతి మీ అమ్మ ఆ రోజే నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు ఒప్పుకోమన్నారు గానీ, ఎందుకొద్దన్నాదో అడగలేదు సార్.”

ఆమె అక్కడితో ఆగలేదు. ఇదంతా నా ప్రాజెక్టు రిపోర్టులో రాశాను సార్, మూడో అధ్యాయం, సిలబస్‌లో లేదని మీరే కొట్టేశారు అంది. నిజమే. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ బీమా మీద ఒక క్షేత్ర నివేదిక రాయాలి. ఆమె నివేదికలో పన్నెండు పేజీల మీద అడ్డంగా ఎర్ర గీత గీసి, ‘అప్రస్తుతం’ అని రాసింది నేనే. ప్రీమియం లేకుండా, పాలసీ లేకుండా ఒక పల్లె నడుపుకుంటున్న బీమా గురించి ఒక పిల్ల రాస్తే, బీమా పాఠం చెప్పేవాడికి అది బీమా అని తట్టలేదు.

అప్పటికి గడువు ఆరు రోజులుంది. చదువు పోతే అది ఒక నష్టం. నా మూలంగా ఆ ఇంట్లో కూడు కూడా పోయేలా ఉంది. సెలవు చీటీ రాసిచ్చి గురువారం ఉదయం మళ్లీ పల్లెకు వెళ్లాను. ముందు సర్పంచి గారి దగ్గర ఆగి, ఆ కాగితం వద్దని, సంతకాలు పెట్టిన ఫారం ఏదైనా ఉంటే నా ఎదుటే చించేయమని చెప్పాను. నొచ్చుకున్నాడు గాని చించేశాడు.

తెప్పకు పెద్దను అక్కడ తండేలు అంటారు. నూకరత్నం నాన్న వెళ్లిన తెప్పకు తండేలు లచ్చయ్య, అరవై దాటిన మనిషి. వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పాను. కాగితం కోసం వెళ్లింది నేను, ఎర్రమ్మ వద్దంది, ఆమె మాట కాదని నేను ముందుకు పోయాను, తప్పు పూర్తిగా నాది అని. ఒకతను, చదువుకున్నోల్లు ఇలగేనా సేత్తారు అన్నాడు.

లచ్చయ్య వల పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“మీరు సెప్పండి మాస్టారూ. ఆ మనిసి ఉన్నాడా, లేడా?”

తెలియదన్నాను.

“మాకూ తెల్దు. తెల్దు గాబట్టే వాటా ఇత్తన్నాం.”

వాటా ఆ పూట నుంచే మళ్లీ మొదలైంది. నేను ఇంకో సాయం అడిగాను. తండ్రి జాడ తెలియదని, ఇల్లు తల్లి చేపల అమ్మకం మీద, తెప్ప ఇచ్చే అర వాటా మీద నడుస్తోందని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఎదుట వాంగ్మూలం ఇవ్వాలి. లచ్చయ్య ఒప్పుకున్నాడు. శుక్రవారం విచారణ జరిగింది. శనివారం ఎమ్మార్వో తల్లి పేరిట ఆదాయ ధ్రువపత్రం ఇచ్చాడు. పోస్టును నమ్మకుండా సోమవారం నేనే రైలెక్కి విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్లాను.

అక్కడి సూపరింటెండెంటు ఫైలు తిరగేసి, తండ్రి ఉన్నట్టా లేనట్టా తేల్చండి, మూడో గడి మా ఫారంలో లేదు అన్నాడు. లేదు కాబట్టే కవరింగ్ లెటరులో రాశానని చెప్పాను. జరిగింది జరిగినట్టు, నేను చేయబోయిన తప్పుతో సహా రాశాను. ఉద్యోగానికే ఎసరు రావచ్చని తెలిసే కింద సంతకం చేశాను. నేను గీత గీసిన పన్నెండు పేజీలూ జతచేశాను. సూపరింటెండెంటు ఒప్పుకోలేదు, తిరస్కరించనూ లేదు. నిర్ణయం ఎంపిక సంఘానికే వదిలేస్తూ నోట్ రాశాడు.

ఇంటర్వ్యూ రోజున నేను వరండాలో కూర్చున్నాను. లోపల ఆమెను ముప్పావు గంట కూర్చోబెట్టారు. మిగతా వాళ్లంతా పది నిమిషాల్లో బయటికి వచ్చేశారు. నూకరత్నం బయటికి వచ్చి, మూడో అధ్యాయం గురించే అడిగారు సార్, తండ్రి గురించి ఎవరూ అడగలేదు అంది. పురస్కారం ఆమెకే వచ్చింది. నాకు ప్రిన్సిపాల్ ద్వారా లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. న్యాయమే.

ఏడేళ్లు నిండాక ఆ ఇంట్లో ఏ నిర్ణయం తీసుకున్నారో నేను అడగలేదు. అది నా ఫైలు కాదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అదే విభాగం చూశాను. కాగితం వస్తే ఏమి దొరుకుతుందో విద్యార్థి చెబుతాడు, ఫారం కూడా చెబుతుంది. ఆ కాగితం పుడితే ఆ ఇంటికి ఏమి ఆగిపోతుందో ఎవరూ చెప్పరు. అది అడగడం సంతకం పెట్టేవాడి పని. అడిగాకే సంతకం పెట్టాను.